వినీతక్క భుజం

3 నవంబర్, ఆదివారం

బోధన్‌లో ప్రాక్టీసు. చెరుకు లారీలు అడ్డం పడి బస్సు ఆలస్యం. గ్రౌండుకు చేరేసరికి ఆత్మారాం సార్ మొహం మాడ్చుకుని కూర్చున్నారు. వినీతక్క బంతి వేయడం మొదలుపెట్టాక ఆ మొహమే విచ్చుకుంది.

కాలేజీ పిల్లలు ఒకరి వెంట ఒకరు బ్యాటు పట్టుకుని వచ్చారు, గాలిని కొట్టి వెళ్ళిపోయారు. అక్క బంతికి వేగం లేదు. గోళ్ళతో నొక్కి పట్టి తోసినట్టు వేస్తుంది. బంతి తిరగకుండా వస్తుంది, బ్యాటు దగ్గరికి రాగానే కల్లు తాగినవాడిలా పక్కకు తూలుతుంది. బీడీలు చుట్టే వేళ్ళకే ఇది వస్తుందని అక్క నమ్మకం. ఆ బంతి నాకు నేర్పింది కూడా తనే, కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి వచ్చిన సాయంత్రాల్లో, మా డాబా మీద. స్కూల్లో ఇద్దరం సాఫ్ట్‌బాల్ ఆడినవాళ్ళమే. ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చి యారాళ్ళమయ్యాక మళ్ళీ బంతి పట్టుకున్నాం. సార్ మమ్మల్ని బేస్‌బాల్‌లోకి లాగారు.

నా బంతి కూడా తూలింది. అక్క బంతి అంత కాదు. కానీ తూలింది.

సార్ ఇద్దరినీ ఫోన్‌లో వీడియో తీశారు. కొత్తగా పెడుతున్న ఆడవాళ్ళ లీగ్‌లో హైదరాబాద్ జట్టు వాళ్ళకు పంపుతారట. నేను నవ్వాను. నాకు ముప్పై అయిదు, అక్కకు ముప్పై ఎనిమిది, మమ్మల్ని ఎవరు పిలుస్తారు సార్ అన్నాను.

"గీ బంతికి వయసు లేదు సుమలతా. స్పీడు పోయినంకనే గిది మంచిగొస్తది. బయటి దేశాలల్ల గిసుంటి బంతి ఏసేటోళ్ళు నలభై ఏండ్లకు పెద్ద లీగుల్ల పేరు తెచ్చుకున్నరు. అప్పటిదాంక వాళ్ళను కుక్క గూడ దేకలేదు."

ఇంటికి వస్తే అత్తమ్మ గుమ్మంలోనే అందుకుంది. "వచ్చిండ్రా పోరగాండ్లు! చాటలు గట్లనే ఉన్నయ్. బీడీలు మీ సారు జుడతడా?"

అక్క పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పదిహేడేళ్ళప్పుడు నన్ను స్టేట్ జట్టుకు పిలిస్తే బాపు పంపలేదు. మళ్ళీ ఇన్నాళ్ళకు.


7 నవంబర్

సార్ ఫోన్ చేశారు. ట్రయల్‌కు పిలుపు వచ్చింది! అక్క సంగతి వస్తే, భుజం అంత బాగాలేదని ఉన్నది చెప్పాను.


8 నవంబర్

నిన్న సరిగ్గా రాయలేదు.

సార్ అన్నది ఇది. వీడియో హైదరాబాద్ వాళ్ళకు నచ్చింది. ఇద్దరిదీ ఒకే రకం బంతి కాబట్టి ఒక్కరినే తీసుకుంటారు. పదిహేడున ఇద్దరూ ట్రయల్‌కు రావాలి. భుజం గురించి సార్ అడగలేదు. నేనే అన్నాను.

"అక్క రాదు సార్. భుజం నొస్తుందంటుంది. ఆమెకు ఫోన్ గూడ చెయ్యకుండ్రి, బాధ పడ్తది."

నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చేసింది. అయినా దీపావళి మరుసటి రోజు అక్క భుజం పట్టుకుని "అబ్బా" అనలేదా? అన్నది. నేను విన్నాను. ఇల్లంతా బూజు దులిపింది మరి, నొప్పి పుట్టదా?

కాబట్టి పూర్తిగా అబద్ధం కాదు.


9 నవంబర్

అక్క అడగనే అడిగింది. చాట ఒళ్ళో పెట్టుకుని ఆకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండా.

"పిల్లా, సారు నిన్నొక్కదాన్నే పిలిచిండా?"

"అవునక్కా."

"నాది మంచిగ రాలేదా?"

బంతి బాగానే వచ్చిందని చెప్పాను. వీడియోలో సార్ చూశారట, చెయ్యి ఎత్తేటప్పుడు నీ కుడి భుజం కిందికి జారుతోందట, లోపల ఏదో ఖరాబ్ అయిందట, కొన్ని రోజులు ఆపమన్నారు అన్నాను. ఇంత పొడుగు అబద్ధం నా జన్మలో ఆడలేదు. ఎక్కడా తడబడలేదు కూడా.

అక్క కత్తెర పక్కన పెట్టి భుజం తడిమి చూసుకుంది.

"నిజమే గావచ్చు. పొద్దుగాల లేస్తే జర పట్టినట్టయితది. నేనే పట్టించుకోలె. అంత దూరంకెల్లి సారు ఎట్ల కనిపెట్టిండే!"

పొద్దున లేస్తే ఎవరికి పట్టినట్టు ఉండదు? నాకు రెండు భుజాలూ పడతాయి. ఆ మాట అనాల్సింది. అనలేదు.


16 నవంబర్

అక్క నా కోసం జొన్నరొట్టెలు చేసింది. పల్లికారం వేరే డబ్బాలో పెట్టింది. "ఖాళీ కడుపుతోని బంతి ఎయ్యకు, చెయ్యి వణుకుతది" అంది. నా వేళ్ళు పట్టుకుని గోళ్ళు ఒక్కొక్కటే చూసి, చూపుడువేలి గోరు గరుకుగా ఉందని అగ్గిపెట్టె పక్కకు రాసి నున్నగా చేసింది.

దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను.


17 నవంబర్, ఆదివారం

తీసుకున్నారు! నన్ను తీసుకున్నారు. హైదరాబాద్ జట్టులో నేనే పెద్దదాన్ని. మిగతా పిల్లలు నన్ను ఆంటీ అంటున్నారు, అననీ.

బస్సులో వస్తుంటే ఏడుపొచ్చింది, సంతోషంతోనే. మా ఆయన నాగేందర్‌కు ఫోన్ చేస్తే మిల్లు మోతలో ముందు వినపడలేదు, తర్వాత మిల్లంతా వినపడేలా అరిచాడు.

ఇంటికి వచ్చేసరికి అక్క ఎడమ పక్కకు తిరిగి పడుకుని ఉంది. రవిక కుడి భుజం మీద విప్పి ఉంది. పసుపు గుడ్డ. గది నిండా కాలిన వాసన.

అక్క భర్త లింగం బావ పొద్దున తన ఆటోలో అక్కను సిరికొండ దిక్కు తీసుకుపోయాడట. అక్కడ ఒక ముసలాయన నొప్పులకు వాతలు పెడతాడు. ఇనుపకడ్డీ ఎర్రగా కాల్చి, భుజం మీద అడ్డంగా, నిలువుగా పెట్టాడట. పెట్టించుకున్న వాళ్ళలో కొడవలి పట్టలేనివాళ్ళు కూడా మళ్ళీ కోతకు పోయారని బావ చెబుతున్నాడు.

అక్క నన్ను చూసి లేవబోయింది.

"తీస్కున్నరా?"

తలూపాను.

"నాకు తెల్సు! అత్తమ్మా, సుమను తీస్కున్నరట! ఏం ఫికర్ లేదు పిల్లా, పైయేడు నేను గూడ వస్త. గీ వాతలు మానితే లోపలి దోషమంత పోతదట. కొద్దిగ మండుతుంది గంతే."

కొద్దిగా కాదు. కళ్ళ కింద చారలు కట్టి ఉన్నాయి, ఎంత ఏడ్చిందో.

నేను వాకిట్లోకి వెళ్ళి నల్లా కింద మొహం పెట్టుకున్నాను.


19 నవంబర్

జ్వరం. పుండుకు చీము పట్టింది. పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. డాక్టరమ్మ చూసి, "ఎవడమ్మా ఈ పని చేసింది, మనుషులా పశువులా మీరు" అని తిట్టింది. అసలు భుజానికి ఏమైందని అడిగింది. అక్క నా వైపు చూసింది, నువ్వు చెప్పు అన్నట్టు.

"జారుతుందట మేడమ్" అన్నాను.

జారుతుందట. ఎవరన్నారట?


20 నవంబర్

కట్టు విప్పి మందు రాసేది నేను. ఇంకెవరినీ రాయనివ్వడం లేదు. దీన్ని చూసి అత్తమ్మ చుట్టుపక్కల వాళ్ళకు చెప్పుకుంటోంది, యారాళ్ళంటే గిట్లుండాలె అని.

సిగ్గుతో చచ్చిపోతున్నాను. వాత పెట్టించుకొమ్మని నేను చెప్పానా? చెప్పలేదు. రెస్టు తీసుకొమ్మన్నాను. వెయ్యిసార్లు అనుకున్నాను ఈ మాట.


26 నవంబర్

అక్క ఈరోజు ఎడమ చేత్తో ఆకు కత్తిరించింది. వంకరటింకరగా వచ్చాయి. కార్ఖానాలో తీసి పారేస్తారని నా ఆకుల్లో కలిపేశాను.


1 డిసెంబర్

హైదరాబాద్. శిబిరం. వెళ్ళనని ఒకసారి అన్నాను, ఇంట్లో అక్క ఇట్లుంటే ఎట్లా అని. అక్కే సంచి సర్ది గుమ్మం దాటించింది. రెండోసారి అనలేదు నేను.


15 డిసెంబర్, ఆదివారం

ఏం రాయను! ఈరోజు మా జట్టును నేను గెలిపించాను. చివరి ఇన్నింగ్స్‌లో నన్ను దించారు. అవతలి జట్టులో ఢిల్లీ అమ్మాయి, ఏనుగంత ఉంది, అంతకుముందు ఇన్నింగ్స్‌లో బంతిని స్టాండ్స్‌లోకి కొట్టిన అమ్మాయి. నా బంతి తూలుతూ వెళ్తే ఆ పిల్ల బ్యాటు తిప్పి, తిరిగి, కూలబడింది. జనం లేచి నిలబడ్డారు. నా కోసం. నా కాళ్ళు భూమ్మీద ఆనలేదు, అబద్ధమెందుకు.

తర్వాత టీవీ అమ్మాయి మైకు పెట్టింది. ఇంత ఆలస్యంగా ఇంత మంచి బంతి ఎక్కడ నేర్చుకున్నారు అంది.

"మా అక్క నేర్పింది, వినీత. నిజామాబాద్‌ల మేం బీడీలు జుడతం. నాకంటె ఆమెకే మంచిగొస్తది" అన్నాను.

అన్నాక గుండె తేలికైంది. పదిమందిలో చెప్పాను కదా. ఇంకేం కావాలి?


16 డిసెంబర్

అక్క ఫోన్. ఏడుస్తూ.

"నా పేరు టీవీల జెప్పినవా పిల్లా! వాడకట్టంత మనింట్లనే ఉండె. అత్తమ్మ రెండుసార్లు చాయ్ పెట్టింది అందరికి. గింత పేరొచ్చినంక ఎవలన్న యారాలి పేరు దీస్తరా? నువ్వు దేవతవే."

పెట్టేశాక బాత్రూంలో కూర్చున్నాను. గుండె తేలిక కావడం కాదు, దేవతనయ్యాను. ఒక అబద్ధానికి మందు రాయబోయి ఇంకో వాత పెట్టాను.


12 జనవరి

లీగ్ అయిపోయింది. కప్పు రాలేదు. నాకు ఒక మెడల్, ఒక శాలువా. ఇంటికి వస్తే అక్క హారతి పట్టింది, ఎడమ చేత్తో.


9 ఫిబ్రవరి, ఆదివారం

ఆత్మారాం సార్ ఫోన్. ఈ బంతి చూశాక పుణె జట్టు వాళ్ళు కూడా అలాంటి బంతి వేసేవాళ్ళు కావాలంటున్నారట. మార్చి రెండున బోధన్ గ్రౌండులోనే ట్రయల్. "మీ అక్క భుజం నయమైందా? గిది పోతే మల్ల ఆమెకు మోకా రాదు. వచ్చేయేటి సంది కొత్తగ తీస్కునేటోళ్ళకు వయసు లిమిట్ పెడ్తమంటున్నరు" అన్నారు.

ఎగిరి గంతేశాను. దేవుడే ఇచ్చాడు. అక్కకు అవకాశం వస్తుంది, వెళ్తుంది, నేను ఏమీ చెప్పనక్కరలేదు. కడుపులో చల్ల కదలకుండా అంతా సర్దుకుంటుంది.

పరుగెత్తి చెప్పాను. అక్క మొహం ఒక్క క్షణం వెలిగింది, అంతే.

"నాతోని గాదు. లోపల ఖరాబ్ అయిందని సారే అనె గదా. వాతలకు గూడ పోలేదంటె ఇగ పోదు. ఆడికొచ్చి నలుగుట్ల చెయ్యి లేవకుంటె నీ ఇజ్జత్ పోతది."


10 ఫిబ్రవరి

బలవంతంగా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఎక్స్‌రే తీసి, చెయ్యి తిప్పి చూసింది. ఎముకకు ఏమీ లేదు, నరానికి ఏమీ లేదు, కాలింది తోలే, కదపకపోవడం వల్ల బిగుసుకుంది, రోజూ చెయ్యి ఎత్తితే సాగుతుంది అంది.

అక్క బయటికి వచ్చాక, "డాక్టర్లకు బంతి సంగతి ఏం ఎర్క?" అంది.


12 ఫిబ్రవరి

చెప్పేశాను.

మధ్యాహ్నం, అత్తమ్మ పడుకున్నాక. అక్క చాట ముందు కూర్చుని బీడీలకు దారం చుడుతోంది. ఎదురుగా కూర్చుని, చూపు చాట మీదే పెట్టి చెప్పాను.

"అక్కా, నీ భుజం ఎన్నడు ఖరాబ్ కాలె. సారు ఏమనలె. ఇద్దర్ని రమ్మన్నడు. ఒక్కరినే తీస్కుంటరట, గందుకే నేను సారుకు అబద్ధం జెప్పిన, నీకు అబద్ధం జెప్పిన."

దారం ఆగింది. చాట విసిరి కొడుతుందనుకున్నాను.

అక్క నవ్వింది. నా గదవ పట్టుకుని మొహం పైకెత్తింది.

"పిచ్చిదానా. నాకు ధైర్యం జెప్పనీకి గింత పాపం నెత్తినేసుకుంటవా?"

"లేదక్కా, నిజంగ."

"ఊకో. నా భుజం నాకు తెల్వదా? నొస్తలేదా నాకు? టీవీల నా పేరు జెప్పిన దానివి, నా పుండుకు మందు రాసిన దానివి, నువ్వు గా పని జేస్తవా? ఎవలన్న నమ్ముతరా?"

మళ్ళీ దారం అందుకుంది. నేను ఎంత చెప్పినా వినలేదు. చివరికి కళ్ళు తుడుచుకుంటూ, నీ అసుంటి యారాలు ఎవలకుంటది అంది.

నేను చేసిన తప్పు కన్నా ఆ మాట ఎక్కువ నొప్పించింది.


13 ఫిబ్రవరి

నేను చెప్పాల్సింది చెప్పాను. నమ్మకపోతే ఏం చేస్తాను?


14 ఫిబ్రవరి

సార్‌తో చెప్పిస్తే నమ్ముతుంది. ఫోన్ చేద్దామనుకున్నాను. ఛార్జింగ్ లేదు.


15 ఫిబ్రవరి

ఛార్జింగ్ ఉంది. చేయలేదు. సాయంత్రం అత్తమ్మ కూరగాయలు తరుగుతూ ఇంట్లో చక్కెర ఎవరో తినేస్తున్నారని ఊరికే అంది. నేను కాదు అత్తమ్మా అని ఎగిరిపడ్డాను. "గుమ్మడికాయల దొంగ అంటె భుజాలు తడుముకున్నట్టు, నిన్నెవలన్నరే?" అంది. అక్క పక్కనే ఉంది, నవ్వింది, తన భుజం పట్టుకునే నవ్వింది.

ఇక నావల్ల కాదు.


16 ఫిబ్రవరి, ఆదివారం

చేశాను. అక్క ముందు కూర్చుని, స్పీకర్ పెట్టి.

"సార్, నవంబర్‌ల వినీతక్క భుజం ఖరాబ్ అయిందని మీరు జూసి చెప్పిండ్రా?"

"నేనేడ జెప్పిన? నువ్వే గదా అన్నది, నొస్తుందట, రాదు, ఫోన్ గూడ చెయ్యకుండ్రి అని. వీడియోల ఆమె చెయ్యి బేషుగ్గ ఉండె. సాఫ్ జెప్తున్న సుమలతా, హైదరాబాదోళ్ళు ముందుగాల అడిగింది ఆమెనే. నీకు అప్పుడే చెప్పిన గదా?"

అవును. అప్పుడే చెప్పారు. మొదట అక్కను అడిగారు, కానీ నన్ను కూడా ఒకసారి చూస్తామన్నారు. ఆ మాట నేను ఇక్కడ కూడా రాయలేదు. ఎవరూ చదవని దాంట్లో కూడా రాసుకోలేకపోయాను. థూ.

సార్ హలో హలో అంటున్నారు. నేను ఫోన్ పెట్టేశాను.

అక్క చాట తీసి పక్కన పెట్టింది. ఒళ్ళో పడ్డ తంబాకు దులుపుకుంది. లేచి వంటింట్లోకి వెళ్ళి బావకు అన్నం పెట్టింది. నీళ్ళిచ్చింది. తను తిన్నది. గిన్నెలు కడిగింది. నన్ను తిట్టలేదు. ఏదైనా అను అక్కా అని వెంట తిరిగాను. నేను అక్కడ లేనట్టే నా పక్క నుంచి నడిచి వెళ్ళింది.


17 ఫిబ్రవరి

పొద్దున చప్పుడుకు లేచాను. అక్క వాకిట్లో బంతి పట్టుకుని నిలబడి ఉంది. అత్తమ్మ చాయ్ గ్లాసుతో గడప మీద. ఆమెకు ఏమీ తెలియదు. ఏదో తెలిసినట్టే ఉంది కూడా.

"అత్తమ్మా, గామెను గోడ కాడ నిలబడుమనుండ్రి" అంది అక్క.

పిల్లా అనేది నన్ను. నిన్నటివరకు.

"నిలబడుమంటుందే" అంది అత్తమ్మ. వెళ్ళాను. చేతికి గ్లోవ్ తొడుక్కుంటుంటే అక్క మళ్ళీ అత్తమ్మతోనే, "గది ఎందుకంట?" అంది. తీసి పక్కన పెట్టాను.

మొదటి బంతి సగం దూరంలో పడింది. చెయ్యి చెవిదాకా కూడా లేవలేదు. వాత మచ్చ సాగి అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను ముందుకు పోబోతే అత్తమ్మ అక్కడే ఉండమన్నట్టు చెయ్యి ఊపింది. బంతి ఏరి ఇచ్చాను. మళ్ళీ వేసింది. మళ్ళీ. పొద్దెక్కేకొద్దీ చెయ్యి ఇంకొంచెం ఇంకొంచెం లేచింది.

చివరికి నన్ను చేరింది. అది తూలే బంతి కాదు. తిన్నగా, ఉన్న బలమంతా పెట్టి, నా అరచేతిలోకి. కళ్ళు చీకట్లు కమ్మాయి. ఏడవలేదు నేను. ఏడిచే హక్కు ఎక్కడిది?

"ఇగ సాలు తియ్యిండ్రి" అంది అత్తమ్మ.

అక్క చెయ్యి చాపింది, బంతి కోసం. ఇచ్చాను.


25 ఫిబ్రవరి

రోజూ ఇంతే. నా చెయ్యి వాచి బీడీ చుట్టడం కావట్లేదు. నిన్నటి నుంచి బంతి తూలడం మొదలైంది. ఈరోజు నా చేతిని తప్పించుకుని మూతికి తగిలింది. పెదవి పగిలింది. అక్క ఒక్క అడుగు నా వైపు వేసి ఆగిపోయింది.

నొప్పి కన్నా ముందు నాకు ఆ బంతి ఎంత బాగా తూలిందో అనిపించింది.


1 మార్చి

రేపే ట్రయల్. నేను రావద్దని అత్తమ్మతో చెప్పించింది. బావ ఆటోలో బోధన్ దాకా తీసుకెళ్తాడట.

వాచిన చేత్తో పిండి పిసికి జొన్నరొట్టెలు చేశాను. పల్లికారం వేరే డబ్బాలో పెట్టాను. డబ్బాలు అక్క సంచి పక్కన పెట్టాను.


2 మార్చి, ఆదివారం

మధ్యాహ్నం దాటాక అత్తమ్మ ఫోన్ చెవిన పెట్టుకుని వాకిట్లో నిలబడి వాడకట్టుకంతా వినపడేలా అరిచింది. "మా పెద్దకోడల్ని గూడ తీస్కున్నరట!"

సంతోషమేసింది. నిజంగా. ఇది అబద్ధం కాదు, నా మాట నేనైనా నమ్మాలి కదా.

సాయంత్రం బావతో వచ్చింది. అందరితో మాట్లాడింది, అత్తమ్మ కాళ్ళకు మొక్కింది. నేను వంటింటి గడప దగ్గరే ఉన్నాను. నా ముందు నుంచి లోపలికి వెళ్ళి, బిందెలో నీళ్ళు ముంచుకుని తాగి, మళ్ళీ బయటికి వెళ్ళింది.

రొట్టెల డబ్బాలు నిన్న పెట్టినచోటే ఉన్నాయి. మూత తీసి కూడా చూడలేదు. రొట్టెలు గట్టిపడిపోయాయి. నీళ్ళు చల్లుకుని నేనే తిన్నాను.